లేని వెంట్రుక

మొన్న ఆదివారం మోతీనగర్ నుంచి ఫోన్ వచ్చింది. "అంకుల్, మా మేనత్త చనిపోయింది. దినాలు గూడ అయిపోయినయి. మీ నంబరు ఆమె డైరీల ఇయ్యాలనే దొరికింది," అంది ఒక ఆడపిల్ల. ఏ మేనత్త అని అడగాల్సిన అవసరం లేకపోయింది. మోతీనగర్‌లో నాకు తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

"ఆమె గాజు బిళ్లల డబ్బా ఒకటున్నది అంకుల్. అన్నిట్ల ఏవో పురుగులున్నయి. పారేద్దమంటే మనసొస్తలేదు. ఎవరికియ్యాలె?"

"పురుగులు కాదమ్మా అవి," అన్నాను వెంటనే. అని, అది ఆవిడ నేర్పిన మాటేనని గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టేశాను. కాసేపయ్యాక నేనే మళ్లీ చేసి, రాజేంద్రనగర్ కాలేజీలో ఇలాంటి జీవుల మీద పని చేసే ఒక పంతులమ్మ ఉంది, ఆవిడకి అప్పగించండి అని చెప్పాను.

చనిపోయినావిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే నేను చేసిన తప్పు పక్కన ఆవిడ పేరు నిలబడుతుంది. బతికున్నప్పుడు చేసిన అన్యాయం చాలు.

నేను బెజవాడలో సినిమా కటౌట్లు గీసి, పరిశ్రమ మద్రాసు నుంచి ఇటు తరలివస్తుంటే ఒక ఆర్ట్ డైరెక్టర్ వెంట హైదరాబాదు చేరినవాణ్ణి. అప్పటికి ఫిలింనగర్ అంటే నాలుగు ఇళ్లు, నలభై బండలు. ఆ బండల మధ్య ఒక రాజుల సినిమాకి కోటగుమ్మం వేస్తున్నాం. టోలిచౌకి నుంచి ఆరు గుర్రాలు వచ్చాయి. నేను నిచ్చెన మీద నిలబడి అట్టకోటకి రాతి రంగు పూస్తుంటే, కింద ఒక నలభై ఏళ్ల మనిషి, నేత చీర, కాళ్లకి మడమలు దాటిన తెల్లటి మేజోళ్లు, భుజాన గుడ్డసంచీ, తిన్నగా రాజుగారి గుర్రం దగ్గరికి వెళ్లి దాని చెవి మడిచి లోపల చూస్తోంది.

గుర్రాలాయన పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, మా గుర్రంకు బీమారీ గీమారీ ఏం లేదు. షాట్ ఉన్నది, జర ఆగుండ్రి!"

"నీ గుర్రానికి ఏం గాలే భయ్యా. దీని చెవుల ఉన్నోళ్లతోని నాకు పని," అందావిడ. అని చిన్న పట్టకారుతో ఒక పిడుదుని పట్టి, మెలితిప్పకుండా, లాగీ లాగనట్టు నిటారుగా పైకి లాగి, సీసాలో వేసి మూత పెట్టింది. యూనిట్ అంతా నవ్వింది. ఆ రోజు నుంచి షూటింగు వాళ్ల నోట్లో ఆవిడ పేరు పిడుదుల మేడమ్. ఆవిడకా సంగతి తెలుసు. డాక్టరమ్మ అని పిలిస్తే మాత్రం ఒప్పుకునేది కాదు. "గుర్రానికి రోగమొస్తె నన్ను పిలువకుండ్రి, సస్తది," అనేది.

పశువుల కాలేజీలో పాఠాలు చెప్పేది. పిడుదులు, గోమార్లు, నల్లులు ఆవిడ చదువు. పశువు రక్తం తాగేవి, పంటను పాడుచేసేవి అయితే కాలేజీకి లెక్క. మిగతావాటి మీద పని చేస్తే పైవాళ్లు ముఖం చిట్లించేవాళ్లు. ఆవిడకేమో ఆ మిగతావాటి మీదే ప్రాణం. అందుకే వారమంతా కాలేజీ పని, ఆదివారం సొంత పని. మోతీనగర్‌లో తమ్ముడి ఇల్లు ఉండగా, బండలకి దగ్గరగా ఉంటుందని ఫిలింనగర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "యాదికి రాలే," అనేది.

ఎవరైనా ఆవిడ ముందు పురుగులు అన్నారా, అయిపోయారే. "కాళ్లు లెక్కపెట్టు తమ్మీ. ఆరుంటె పురుగు. మంచంల నల్లి పురుగే. మిరపచేన్ల రైతు నల్లి అంటడు సూడు, దానికి ఎనిమిది. అది సాలీడు చుట్టం, పురుగు గాదు." ఈ పాఠం ఆవిడ హీరోగారి వంటమనిషికి చెప్పింది, కిళ్లీకొట్టు ఆయనకి చెప్పింది, నాకు చెప్పింది. అసలు జనం దేన్నయినా చూసినప్పుడు కాళ్లు లెక్కపెట్టరనేది ఆవిడకి జీవితకాలపు ఆశ్చర్యం.

ఆవిడ పనిముట్లు సగం సినిమావాళ్లవే. మేకప్ ఆయన దగ్గర కనుబొమలు దిద్దే బ్రష్ అడిగి తీసుకుని, కత్తెరతో ఒక్కో వెంట్రుకా కత్తిరిస్తూ పోయి చివరికి ఒక్కటి మిగిల్చింది. ఆ ఒక్క వెంట్రుకతోనే, కంటికి ఆనీ ఆనని నల్లిని ఎత్తి గాజు బిళ్ల మీద పెట్టేది. సీసాలో వేసే చీటీ మీద పెన్సిల్‌తోనే రాసేది. "సిరా అయితే స్పిరిట్ల కరిగిపోతది. పెన్సిల్ నిలబడ్తది," అనేది. ఇంటికి ఎవరొచ్చినా గుమ్మం దగ్గర ఆపి, చెప్పులు విప్పించి, ఎగాదిగా చూసి, మన చొక్కా మీద ఏదైనా పాకుతుంటే మనకంటే ముందు దాన్ని లోపలికి తీసుకెళ్లేది.

కోటగుమ్మం మీద నేను రాళ్ల బీటలు గీస్తుంటే కింద నుంచి చాలాసేపు చూసి, "ఇంకా సన్నగ గీస్తవా?" అని అడిగింది. గీస్తానండీ అన్నాను. "ఎంత సన్నగ?" అంది. ఆ మాటకి నాకు పౌరుషం వచ్చింది. ఆ వచ్చే ఆదివారమే ఆవిడ కిటికీ పక్కన మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను.

మైక్రోస్కోపుకి పక్కన చిన్న అద్దం తగిలించి ఉండేది. అందులోంచి చూస్తే నల్లి, పక్కనున్న కాగితం, నా పెన్సిల్ మొన మూడూ ఒక్కచోటే కనిపించేవి. నేను నల్లి అంచు వెంట పెన్సిల్ నడిపించాలి. వీపు మీద వెంట్రుకలు ఎన్ని, ఎక్కడెక్కడ, ఎంత పొడుగు, కొన చీలిందా లేదా అనేదే దాని కులగోత్రాలు. రెండు జాతుల మధ్య తేడా ఒక్కోసారి ఒకే ఒక్క వెంట్రుక. నలభై అడుగుల కటౌట్‌లో హీరో మీసాన్ని చీపురుకట్టతో దిద్దిన చెయ్యి నాది. మొదటి నెలంతా గీసిన కాగితాలు చింపుతూనే ఉన్నాను.

ఆవిడ నియమాలు రెండే. మొదటిది: "ఉన్నది గీయి. లేనిది గీయకు. వెంట్రుక రాలిపోతె దాని కింద గుంట మిగుల్తది. గుంట ఉంటె గుంట గీయి. గుంట గూడ లేకుంటె అక్కడ ఎన్నడూ ఏం లేదన్నట్టు." రెండోది, గీసే ముందు తాను ఏం చూసిందో నాకు చెప్పేది కాదు. ఒకసారి విసుగొచ్చి, "ఇందులో కొత్త ఏంటో మీరు చెబితే నేను జాగ్రత్తగా గీస్తాను కదండీ," అన్నాను.

"నేను చెప్తె నీ కన్ను నా మాటను చూస్తది తమ్మీ. నల్లిని చూడది," అంది.

రెండేళ్లు ప్రతి బొమ్మనీ తానే మైక్రోస్కోపులో సరిచూసుకుంది. ముప్ఫై బొమ్మల దాకా అయ్యాయి, తప్పు దొరకలేదు. ఒక రోజు బొమ్మని చూడకుండానే కవర్లో పెట్టేస్తూ, "ఇగ నీయి సూడాల్సిన అవసరం లే," అంది. కటౌట్ల వాడికి పొగడ్తలు కొత్త కాదు. నేను గీసిన కటౌట్‌కి క్రేన్ మీంచి పూలదండ వేసిన రోజులున్నాయి. కానీ ఆ మాట విని నేను ఇంటిదాకా బస్సెక్కకుండా నడిచి వెళ్లాను.

ఇక అసలు సంగతి. జూబ్లీహిల్స్ వైపు ఎక్కేచోట ఒక పెద్ద బండల గుట్ట ఉండేది. దాని మీద బండతొండలు ఎండకి కూర్చునేవి. ఆవిడ వెదురుపుల్ల చివర దారంతో ఉచ్చు కట్టి, పిల్లిలా నడిచి వెళ్లి తొండ మెడకి తగిలించేది. పొట్ట కింద వేలితో నిమురుతూ, "అయిపాయె, అయిపాయె," అని బుజ్జగిస్తూ, మెడ మడతల్లోంచి ఎర్రటి నల్లుల్ని తీసుకుని, తొండని ఏ బండ మీద పట్టిందో ఆ బండ మీదే వదిలేది. ఆ నల్లులు ఎవరి పంటా పాడుచెయ్యవు, ఎవరి గేదెనీ పీడించవు. అయినా ఆ ఏడాది వాటిని చూసినప్పుడల్లా ఆవిడ ముఖం పెళ్లికూతురి ముఖంలా ఉండేది. ప్రపంచంలో ఇంకెవరూ చూడని జాతి తనకి దొరికిందని ఆవిడకి తెలిసిపోయింది. నాకు చెప్పలేదు. చెప్పకూడదు కదా, నేను ఇంకా గీయలేదు.

పట్టినవాటిలో చాలా వరకు బిళ్ల మీద నలిగిపోయాయి. ఒక్కటి మాత్రం వీపు చక్కగా పరుచుకుని కూర్చుంది. దాన్ని గీయమని నా ముందు పెట్టింది.

సరిగ్గా ఆ వారమే ఒక పెద్ద సినిమా ముహూర్తం. సోమవారం పొద్దున్నకి అమ్మవారి కటౌట్ నిలబెట్టాలి. మా పనిలో ఒక పద్ధతి ఉంది. అమ్మవారి ముఖం మొత్తం గీయం. సగం గీసి, కాగితం మడిచి, రెండో సగం అచ్చు ఎక్కిస్తాం. రెండు కళ్లూ, రెండు ముక్కుపుడకలూ తూచినట్టు వస్తాయి. ఎక్కడైనా వరసలో వెలితి ఉంటే, ఒక ముత్యమో పువ్వో పెట్టి పూడ్చేస్తాం. వెలితి ఉంచితే ప్రొడ్యూసర్ ఊరుకోడు. ఆ ఆదివారం నేను నల్లిని కూడా అట్లాగే గీశాను. ఎడమ సగం గీశాను. తోక వైపు వెంట్రుకల వరసలో పన్ను ఊడినట్టు ఒక సందు కనిపించింది. రాలిపోయి ఉంటుందిలే అనుకుని, మిగతావాటి కొలతలో ఒక వెంట్రుక పెట్టి, కాగితం మడిచి రెండో పక్కకి దించేశాను. గుంట ఉందా అని చూడలేదు. బొమ్మ ఎంత అందంగా వచ్చిందో! ఆవిడ దాన్ని అట్లాగే తన వ్యాసంతో పాటు కవర్లో పెట్టి, విదేశంలో ఈ జీవుల మీద ఒక పత్రిక నడిపే ప్రొఫెసర్‌కి పంపేసింది.

ఆ జాతికి చుట్టాలైన నల్లులన్నిటికీ అక్కడ నాలుగు జతల వెంట్రుకలు. దీనికి మూడే. అది కొత్త జాతి అనడానికి ఆవిడకున్న ఆధారం ఆ సందు ఒక్కటే. నేను పూడ్చింది దాన్నే.

ఐదు నెలలకి జవాబు వచ్చింది. ఈలోగా ఆ గుట్ట మీద ఎవరో పెద్దమనిషి బంగళాకి పునాది మొదలైంది. రోజూ మధ్యాహ్నం మందు పెట్టి బండలు పేల్చేవాళ్లు. నేను వెళ్లేసరికి ఆవిడ ఉత్తరం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"మాటల్ల మూడు జతలు రాసిన్రు, బొమ్మల నాలుగు జతలున్నయి, ఏది నిజం అని అడుగుతున్నడు," అంది. "నేను పొద్దటిసంది చూస్తున్న. నాకైతె మూడే కనబడ్తున్నయి. కానీ ఈ నడుమ నా కండ్ల ముందర నల్లచుక్కలు తేలుతున్నట్టుంటున్నది తమ్మీ. వయసైతున్నది గద. తప్పు నాదే అయ్యుంటది. నీది గాదు. నువ్వొకసారి సూడు."

నేను కూర్చుని చూశాను. సందు స్పష్టంగా ఉంది. గుంట లేదు. అక్కడ ఎన్నడూ ఏమీ లేదు.

నేనే పెట్టానండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? నోటిదాకా వచ్చింది కూడా. కానీ తప్పు నాదే అని ఆవిడే ముందు అనేసింది. నా చెయ్యి తప్పు చెయ్యదని నమ్మిన మనిషి ఈ లోకంలో ఆవిడ ఒక్కతే, ఆ ఒక్కరి ముందూ చిన్నబోవడం నా వల్ల కాలేదు.

"ఉందండీ. సన్నగా కనిపిస్తోంది," అన్నాను.

ఆవిడ నన్ను మళ్లీ అడగలేదు. "అట్లనా," అంది. చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, నన్ను కూర్చోబెట్టే ఉత్తరం రాసింది. నా పరిశీలనలో పొరపాటు జరిగింది, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించాలి అని. రాస్తుండగా గుట్ట మీద పేలుడు వినిపించింది. కొత్తగా పట్టి చూద్దామన్నా ఆ తొండలు ఇక ఉండవని ఇద్దరికీ తెలుసు. ఆ రోజైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. టీ తాగి వచ్చేశాను.

ఆ తర్వాత ఆవిడ కొత్త నల్లిని దేన్నీ పట్టలేదు. మైక్రోస్కోపు మీద పాత జాకెట్టుగుడ్డ కప్పింది. "కండ్లు మోసం జేస్తుంటె ఈ పని చెయ్యొద్దు తమ్మీ. ఒక్క తప్పు అచ్చయితె యాభయ్యేండ్లు దాన్ని చూసి ఇంకొకడు తప్పు చేస్తడు," అంది. రెండేళ్లకి ఫిలింనగర్ గదులు ఖాళీ చేసి మోతీనగర్ వెళ్లిపోయింది. కాలేజీలో రిటైరయ్యేదాకా పశువుల పిడుదుల పాఠమే చెప్పుకుంది. నేను పండక్కో పబ్బానికో వెళ్లేవాణ్ణి. ఆ తర్వాత అదీ తగ్గించాను. ఆవిడ ఎంత ఆప్యాయంగా మాట్లాడితే నేను అంత త్వరగా లేచి వచ్చేసేవాణ్ణి. ఈలోగా ఫ్లెక్సీలు వచ్చి కటౌట్ల పని పోయింది. నాకది శాస్తే అనిపించింది.

ఆ ఉత్తరం రాసిన పన్నెండేళ్లకి, మా ఆవిడ కంటి ఆపరేషన్ కోసం వెళ్తే ఆసుపత్రి బెంచీ మీద కనిపించింది. బాగా చిక్కిపోయింది. నా గొంతు విని గుర్తుపట్టింది. ఎదురుగా ఉన్నా ముఖం కనిపించలేదట.

"షుగర్ తమ్మీ. కంటెనుక పొర పాడయింది, చూపు ఇగ రాదంటున్నరు," అంది. మళ్లీ తనే, "ఒకటి మాత్రం నాకు సమజైతలేదు. ఇది ఈ రెండు మూడేండ్లల వచ్చిందేనట. అంతకు ముందుటి కాయితాలన్ని చూసి చెప్పిండు డాక్టర్. ఆ నల్లచుక్కలు అందరికీ వస్తయట, వాటితోని చూపు చెడదట. అప్పుడు నా కండ్లు మంచిగనే ఉండెనట. మరి ఉన్న వెంట్రుక నాకెందుకు కనబడకపాయె?"

అడుగుతున్నది నన్ను కాదు. లెక్క తేలని విద్యార్థిలా తనలో తనే అనుకుంటోంది. ఆ బెంచీ పక్కన నేల మీద కూర్చుని, ముహూర్తం సంగతి, కాగితం మడవడం, ఆ సందు, నేనాడిన అబద్ధం, మొత్తం చెప్పేశాను. ఆవిడ చివరిదాకా వింది. నర్సు వచ్చి పేరు పిలిచినా లేవలేదు. చివరికి, "ఆదివారం ఇంటికి రా. బిళ్ల ఉన్నది. మల్ల గీయి," అంది.

మూడు ఆదివారాలు మోతీనగర్ వెళ్లాను. మైక్రోస్కోపు మీది గుడ్డ తీసి, బూజు తుడిచి, కాగితం మడవకుండా రెండు పక్కలా విడివిడిగా గీశాను. ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని ఒక్కొక్క జతా పైకి లెక్కపెట్టించుకుంది. తోక దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

"గుంట ఉన్నదా?" అని అడిగింది.

"లేదండీ."

"ఎన్ని జతలు?"

"మూడేనండీ."

కళ్లు మూసుకుంది. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "పన్నెండేండ్లు తమ్మీ," అంది. "మంచి కండ్లు పెట్టుకోని పన్నెండేండ్లు కూసున్న."

బొమ్మ అయ్యాక చేతికిచ్చాను. కిటికీ వెలుగుకి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, ఏమీ కనిపించక ఒళ్లో పెట్టుకుంది. పత్రికకి నేను ఉత్తరం రాస్తాను, తప్పు నాదని నేనే రాస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"ఏమని రాస్తవ్? సరిచూసినోళ్లు ఎవరంటె ఏం చెప్తవ్? నాకు కనబడది. నీ మాట మీదనే పంపాలె." నావైపు ముఖం తిప్పి అడిగింది. "పంపమంటవా? నమ్మొచ్చునా?"

"ఇంకెవరికైనా చూపిద్దామండీ," అన్నాను. అప్పుడే రాజేంద్రనగర్ పంతులమ్మ మాట వచ్చింది. చూపించే లోపే మోతీనగర్‌లో ఆవిడ మంచం పట్టింది. మంచాన ఉండగా నేను వెళ్లలేదు. ఇప్పుడు ఆ డబ్బాలో ఆ బిళ్ల కూడా ఉంది. పంతులమ్మ చూసి, మూడే అని తేల్చి, దానికొక పేరు పెడితే పెడుతుంది. ఆ అచ్చయిన పేజీ పోయినావిడకి చదివి వినిపించే అవకాశం మాత్రం నేనే లేకుండా చేశాను.

ఆ మూడో ఆదివారం నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా గోడ తడుముకుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఇంకొకరికి చూపియ్యాలన్న తెలివి అప్పుడు నాకుండాలె," అంది నెమ్మదిగా. "నా కండ్ల మీద అనుమానమొచ్చింది గని, నీ చెయ్యి మీద రాలే తమ్మీ."